దిగిరా అనే ఈల

తమ్ముడు పోయిన రోజు మధ్యాహ్నం నాకు రెండు పీరియడ్లు ఖాళీ. లెక్కల టీచరు తన పాఠాలు వెనకబడ్డాయని నా పీరియడ్ అడిగి తీసుకున్నారు. ఆ తరవాతది ఆటల పీరియడ్. లేకపోతే ఆ వేళకు నేను బడిలోనే ఉండేదాన్ని. ఈ మాట ఇన్ని వారాల్లో ఎన్నిసార్లు అనుకున్నానో చెప్పలేను. లెక్కల టీచరుతో మాత్రం అనలేదు. ఆవిడ చేసిన తప్పేమీ లేదు.

పిల్లల పుస్తకం అచ్చు కాగితాలు సంచిలో పెట్టుకుని నాటకశాలకు బయలుదేరాను. బడి నుంచి రెండు వీధుల దూరం. తమ్ముడు అక్కడ తాళ్ళ మనిషి. రంగస్థలానికి పైన, జనానికి కనపడని ఎత్తులో, బొమ్మలు గీసిన పెద్ద తెరలు ఇనుప గొట్టాలకు కట్టి వేలాడుతుంటాయి. కథ అడవిలోకి వెళ్ళినప్పుడు అడవి తెర దించాలి. ఊళ్ళోకి వచ్చినప్పుడు అడవిని పైకి లాగి ఊరిని దించాలి. ఆ పని వాడిదీ, బాబాయ్‌దీ. బాబాయ్ మాకు చుట్టం కాదు. నాటకశాలలో అందరికీ బాబాయే. వాడిని అక్కడ ఉడత అనేవారు, ఇంట్లో అమ్మ కోతి అనేది. వాడి సొంత పేరు జీతం పట్టీలో తప్ప ఎక్కడా వాడకంలో లేదు.

ఆ పుస్తకం సంగతి కూడా చెప్పాలి. పోయిన ఏడాది మా తరగతిలో ఒకమ్మాయి కొత్త గొడుగు విప్పబోతే పక్కమ్మాయి కెవ్వుమంది. ఇంటి లోపల గొడుగు విప్పకూడదట. ఎందుకని అడిగాను. "మా నాయనమ్మ చెప్పింది టీచర్." నాయనమ్మకు ఎవరు చెప్పారు? "వాళ్ళ నాయనమ్మ." అలా ఎంత వెనక్కి వెళ్ళినా నాయనమ్మలు తగిలారు గానీ కారణం తగల్లేదు. సరే మనమే వెతుకుదాం అన్నాను. ఒక్కొక్కరు ఒక్కో నమ్మకం తేవాలి, అది ఏయే దేశాల్లో ఉందో, ఎందుకు పుట్టి ఉంటుందో చదివి రాయాలి.

నలభై ఒకటి పోగయ్యాయి. అద్దం పగిలితే ఏడేళ్ళ కష్టాలు. అద్దాలు కొందరి ఇళ్ళల్లోనే ఉన్న కాలంలో, పనివాళ్ళు జాగ్రత్తగా తుడవాలని యజమానులు పెట్టిన భయం కావచ్చు. ఉప్పు ఒలికితే కీడు. ఉప్పు దొరకడమే గగనమైన రోజుల నాటి మాట కావచ్చు. ఒకే అగ్గిపుల్లతో ముగ్గురు చుట్ట ముట్టించకూడదు. కందకాల్లో సైనికులు పుట్టించింది కావచ్చు, పుల్ల అంతసేపు వెలిగితే అవతలివాడు గురి చూసుకుంటాడు. చీకటి పడ్డాక గోళ్ళు తీయకూడదు. దీపం చాలని ఇళ్ళలో వేళ్ళు తెగకుండా ఉండటానికి కావచ్చు. కొన్ని దేశాల్లో భవనాలకు నాలుగో అంతస్తు అనేదే ఉండదు, మూడు తరవాత అయిదు. వాళ్ళ భాషలో నాలుగు అన్నా చావు అన్నా ఒకేలా వినపడటం వల్ల కావచ్చు. ప్రతి కారణం చివరా "కావచ్చు" అని రాయించాను. మనకు తెలియనిదాన్ని తెలిసినట్టు రాయకూడదని పిల్లలకు చెప్పాను.

నలభై రెండోది తమ్ముడు ఇచ్చాడు. ఒక ఆదివారం పొద్దున చొక్కాకు బొత్తాం కుట్టుకుంటూ అన్నాడు.

"నాటకశాలలో ఈల వేయకూడదక్కా. వేశావో, నిన్ను బయటికి నెట్టి, మూడు చుట్లు తిప్పి, తలుపు తట్టి క్షమించమని అడిగితే గానీ మేనేజర్ గారు లోపలికి రానివ్వరు."

"ఎందుకట?"

"ఎందుకేమిటి? వేయకూడదు, అంతే."

"అయితే నువ్వూ నాయనమ్మల్లో కలిశావన్నమాట."

"మీసాల నాయనమ్మని," అన్నాడు మీసం దువ్వుకుంటూ. వంటింట్లోంచి అమ్మ నవ్వింది.

వారం తిరగకుండా కారణం వెతికి పట్టుకున్నాను. పూర్వం కొన్ని దేశాల్లో నాటకశాలల తాళ్ళ పని ఓడల మీద పనిచేసి వచ్చినవాళ్ళు చేసేవారట. ఓడలో తాళ్ళు లాగడానికీ వదలడానికీ ఈలలే గుర్తులు. అదే అలవాటు ఇక్కడికీ తెచ్చారు. ఎవరో ఏమీ తోచక ఈల వేస్తే పైనున్నవాడు తెర వదిలేస్తాడు, అది ఎవరి నెత్తి మీదో పడుతుంది. మరుసటి ఆదివారం వాడు ఇంకో బొత్తాం కుట్టుకుంటుంటే పేజీ చదివి వినిపించి, గెలిచినదానిలా వాడి వైపు చూశాను.

"విన్నావా? కారణం ఉంది. కాకపోతే అది చచ్చి వందేళ్ళయింది. ఇప్పుడు మీకు చెవికి తగిలించుకునే సెట్లు ఉన్నాయి కదా. ఇంకా భయమెందుకు?"

వాడు దారం పంటితో తెంపాడు. "ఉన్నాయిలే సెట్లు. అలాగే రాసుకో."

అలాగే రాశాను. "నేడు ఈ కారణం లేదు, భయం మాత్రమే మిగిలింది" అన్నది ఆ పేజీలో చివరి వాక్యం. అన్ని పేజీల్లోనూ "కావచ్చు" లేని వాక్యం అదొక్కటే. పిల్లలది కాదు, నాది.

ఆ రోజు నాటకశాల పక్క తలుపు తీసే ఉంది. ఎండలోంచి వచ్చానేమో, లోపల ఏమీ కనపడలేదు. ఎక్కడో ఒక బల్బు వెలుగుతోంది. రంగు వాసన, పాత గుడ్డ వాసన. పక్క తెర వెనక నిలబడి, ఒరేయ్ అని పిలవబోయి మానేశాను. చేతిలో నలభై రెండో పేజీ ఉంది. వాడిని ఉడికించాలనిపించింది. ఈల వేశాను.

ఒకటి పొడుగు, రెండు పొట్టి. అది మా చిన్నప్పటి ఈల. వాడికి ఏడేళ్ళు, నాకు పదకొండు. ఎప్పుడు చూసినా పక్కింటి గోడ మీదో, నీళ్ళ ట్యాంకు మీదో ఉండేవాడు. కింద నిలబడి ఈల వేస్తే దిగి వచ్చేవాడు. ఆడపిల్లవు ఈలలేమిటే అని అమ్మ విసుక్కునేది. కానీ వాడు అన్నానికి రాకపోతే ఆవిడే నా దగ్గరికి వచ్చి, "వెళ్ళి ఆ ఈలేదో వెయ్యి" అనేది. దాని అర్థం దిగిరా అని మా ఇంట్లో అందరికీ తెలుసు.

బదులుగా వాడి ఈల రాలేదు. గిలక మీద తాడు పరుగెత్తే చప్పుడు వచ్చింది, బావిలోకి చేద జారిపోయినట్టు. ఆ తరవాత గొట్టం పడింది. వాడు దాని కింద కూర్చుని తెర అంచు ముడి విప్పుతున్నాడు. ఇక్కడితో ఆపుతాను.

జనం పరుగెత్తుకొచ్చారు. అప్పటికి నేను వాడి పక్కన ఉన్నాను. మీరెప్పుడు వచ్చారని ఎవరో అడిగారు. ఇప్పుడే వచ్చానన్నాను. అది నిజమే. ఆ తరవాత నన్నెవరూ ఏమీ అడగలేదు, నేనూ చెప్పలేదు.

రెండు వారాలకు బడికి వెళ్ళాను. కుర్చీలో కూర్చోలేకపోయాను. పాఠం చెబుతున్నంతసేపూ బల్లల మధ్య తిరుగుతూనే ఉన్నాను. దిద్దిన నోటు పుస్తకాలే మళ్ళీ దిద్దాను. ఒకమ్మాయి లేచి, "టీచర్, దీనికి నిన్ననే మార్కులు వేశారు" అని మెల్లగా చెప్పింది. సాయంత్రం నాటకశాల ఉన్న వీధి తప్పించుకోవాలని చుట్టూ తిరిగి వెళ్ళేదాన్ని. తీరా చూస్తే ఆ వీధి చివరే తేలేదాన్ని.

నాటకశాలలో టికెట్లు అమ్మే ఆవిడ అమ్మను చూడటానికి వచ్చింది. నేను మంచినీళ్ళు తెస్తుంటే లోపలి నుంచి మాటలు వినపడుతున్నాయి.

"ఎవరూ లేని చోట ఈల వినపడిందటమ్మా. బాబాయ్ ఒట్టేసి చెబుతున్నాడు. మేనేజర్ గారేమో, ముసలాడు కునుకు తీసి తాడు వదిలేశాడు, ఇప్పుడు ఈల గీల అని కతలు చెబుతున్నాడంటారు. మా వాళ్ళు మాత్రం బాబాయ్ మాటే నమ్ముతున్నారు. అది మనుషుల ఈల కాదట. మీ అబ్బాయిని పిలిచిందట. ఇప్పుడు నటులంతా తాడును మూడుసార్లు తాకి గానీ స్టేజీ ఎక్కడం లేదు. ఆ పడిన మూడో గొట్టం కింద చచ్చినా ఎవరూ నిలబడరు."

అమ్మ, "పిలుపు వచ్చింది, వెళ్ళాడు," అంది. "ఎవరు పిలిచినా కాదనే రకం కాదుగా వాడు."

ఆ పూట అమ్మ కంచంలో అన్నం మిగల్చలేదు. వాడు పోయాక అదే మొదటిసారి. నేను గ్లాసులో నీళ్ళు పోసి పక్కన కూర్చున్నాను. ఒక నమ్మకం ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ ఏడాదంతా గడిపినదాన్ని. ఇది ఎక్కడ పుట్టిందో వెతకాల్సిన పని లేదు.

బాబాయ్‌ని పనిలోకి రావద్దన్నారు. గురువారం విచారణ. యజమానుల తరఫున ఇద్దరు వస్తారు, కునుకు వల్లే ప్రమాదం జరిగిందని తేలితే ముప్ఫై నాలుగేళ్ళ పని పోతుంది. ఒక ప్రాణం తీశాడన్న మాట కాగితం మీద ఉండిపోతుంది. ఇదంతా టికెట్ల ఆవిడే చెప్పింది. మర్నాడు బడి వదిలాక బాబాయ్ ఇంటికి వెళ్ళాను.

ఒకే గది. మంచం అంచున కూర్చుని అరచేతులు ఒకదానితో ఒకటి రుద్దుకుంటున్నాడు. తాళ్ళు లాగి లాగి ఆ చేతులు చెప్పు అట్టల్లా ఉంటాయి. నన్ను చూసి లేవబోయాడు, వద్దన్నాను.

"చెవులు పరీక్ష చేయించుకున్నాను టీచరమ్మా," అన్నాడు, ఆ మాట కోసమే నేను వచ్చినట్టు. "డాక్టరు భేషుగ్గా ఉన్నాయన్నాడు. మా కోడలు, చెవులు బాగుంటే ఇక బుర్రే చూపించుకోవాలి మామయ్యా అంటుంది. దానికంతా వేళాకోళమే."

"ఈల వినపడితే తాడు వదలడమెందుకు బాబాయ్? సెట్లు ఉన్నాయి కదా?"

"ఎక్కడి సెట్లమ్మా! అవి మూలబడి నెలలయింది. బాగుచేయించమని ఆఫీసులో కాగితం ఇచ్చాం, దాని మీద ఇంకో కాగితం ఇచ్చాం. కింద నిలబడ్డవాడు నాకు కనపడడు, అడ్డంగా తెరలు. అరిస్తే వినపడదు. అప్పుడు ఉడతే అన్నాడు, ఈలలు పెట్టుకుందాం బాబాయ్ అని. నటులు వచ్చేలోపు పని కానిచ్చేసేవాళ్ళం. వాళ్ళకు తెలిస్తే మమ్మల్ని వెలివేసి ఉండేవాళ్ళు. మేనేజర్ గారు ఇప్పటికీ నమ్మరు. ఇక్కడ ఈల వేసే మొనగాడెవడయ్యా అంటారు."

ఆ ఆదివారం దారం తెంపి, "ఉన్నాయిలే సెట్లు" అన్న వాడి మొహం గుర్తొచ్చింది.

"ఏ ఈలకు ఏమిటి?"

"ఒక పొట్టి ఈలకు ఎత్తు. రెండు పొట్టికి ఆపు. దించడానికేమో పొడుగొకటి, పొట్టి రెండు, వినగానే తాడు వదిలేయడమే. అంత పొడుగెందుకురా, మూడు పొట్టి పెట్టుకుందాం అన్నాను. ఒప్పుకోలేదు. ఇది మాత్రం మార్చకూడదు బాబాయ్, ఇది చిన్నప్పటి నుంచీ దిగడానికే అన్నాడు. మా అక్క ఈల వేసిందంటే ఎంత ఎత్తులో ఉన్నా దిగాల్సిందే అనేవాడు."

కోడలు ఇచ్చిన గ్లాసు నా చేతిలో ఉంది. కింద పెట్టాను.

"బాబాయ్, ఆ రోజు ఈల నేను వేశాను."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"వద్దమ్మా."

"నిజం చెబుతున్నాను."

"మీ తమ్ముడూ ఇంతే. ఒకసారి నేను ముడి వదులుగా వేస్తే, తనే వేశానని చెప్పి నా బదులు తిట్లు తిన్నాడు. అక్కాతమ్ముళ్ళు ఒకే అచ్చులో పోసినట్టున్నారు. నా కూటి కోసం మీరు అబద్ధం ఆడొద్దు. పిల్లలకు చదువు చెప్పే నోరు."

"అబద్ధం కాదు బాబాయ్. వాడికి ఆ ఈల నేర్పింది నేనే."

"నేర్పి ఉంటారు. నేర్పడం వేరు." నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "ఆ ఈల నేను చచ్చేదాకా మర్చిపోను. ఏదీ, వేయండి. ఒక్కసారి వింటే అవునో కాదో చెప్పేస్తాను."

పెదవులు తడి చేసుకున్నాను. గాలి వచ్చింది, మోత రాలేదు. మళ్ళీ ప్రయత్నించాను. వంట చేస్తున్న కోడలు గరిటె ఆపి నా వైపు చూసింది.

"చూశారా," అన్నాడు బాబాయ్ ఎంతో దయగా. "ఇంటికి వెళ్ళండమ్మా. మీ అమ్మగారు ఒక్కరే ఉంటారు."

గురువారం సెలవు పెట్టి నాటకశాలకు వెళ్ళాను. మేనేజర్ గదిలో ఆయన, యజమానుల తరఫున వచ్చిన ఒక పెద్దాయన, రాసుకోవడానికి ఒకావిడ ఉన్నారు. బాబాయ్ తలుపు దగ్గర నిలబడ్డాడు. చెప్పాల్సింది చెప్పాను. ముందు రాత్రి కాగితం మీద రాసి, ఎక్కువైన మాటలు కొట్టేసి, నాలుగు వాక్యాలు చేసుకుని వచ్చాను.

"టీచర్ గారూ, ఆ రోజు ఇప్పుడే వచ్చానన్నారు కదండీ," అన్నారు మేనేజర్.

"ఇప్పుడే వచ్చానన్నాను. వచ్చి ఈల వేశానని చెప్పలేదు."

మేనేజర్, పెద్దాయన మొహమొహాలు చూసుకున్నారు. వాళ్ళ కళ్ళల్లో కోపం లేదు. జాలి ఉంది. అది నేను ఊహించుకుని రాలేదు.

"ఒక పని చేద్దాం," అన్నాడు పెద్దాయన. "ఈయన్ని పైకి వెళ్ళి తన చోట నిలబడమనండి. మీరు ఆ రోజు నిలబడ్డ చోట నిలబడి ఈల వేయండి. ఈయన అదేనంటే అదే రాసుకుంటాం."

మేనేజర్ లేచి నిలబడ్డారు. "ఇక్కడా? లోపలా? వద్దండీ, బయట వీధిలో వేయించండి. నటులు రిహార్సల్లో ఉన్నారు. వింటే రేపటి నుంచి ఒక్కరు రారు."

"ఈలకు భయపడతారా?" అన్నాడు పెద్దాయన.

"భయమని కాదండీ. ఎందుకొచ్చిన గొడవ అని."

చివరికి నటులను బయటికి పంపారు. వాళ్ళు వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరూ తాడును మూడుసార్లు తాకారు. పక్క తెర వెనక, అదే చోట నిలబడ్డాను. అదే బల్బు. స్టేజీ మీద ఎవరూ లేరు. మూడో గొట్టం నేల మీద ఆనించి ఉంది, దాని తాడు గోడ కొక్కేనికి మూడు ముడులు వేసి ఉంది. ఆ ముడులు నేనే దగ్గరికి వెళ్ళి చూశాను. ఏదీ పడే వీలు లేదు.

"వింటున్నానమ్మా," అన్నాడు బాబాయ్ పైనుంచి. మనిషి కనపడలేదు, గొంతు ఒక్కటే వచ్చింది.

అందరూ ఆగారు. నేను పెదవులు గుండ్రంగా ముడిచాను. పైన తాళ్ళు కొంచెం కదిలాయి, తలుపు లోంచి వచ్చిన గాలికి. నా కళ్ళు స్టేజీ మీద వాడు కూర్చున్న చోటికి వెళ్ళాయి. ఊపిరి లోపలికి తీసుకున్నాను, వదిలేశాను. నాలుగుసార్లు అలాగే అయింది. రాసుకునే ఆవిడ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగాను. అయిదోసారి పెదవులు కూడా మాట వినలేదు. అది దుఃఖమో, ఆ నటులకున్న భయమే నాకూ పట్టిందో నాకు తెలియదు.

"వినపడలేదమ్మా," అన్నాడు బాబాయ్ పైనుంచి, తనదే తప్పన్నట్టు.

పెద్దాయన దగ్గరికి వచ్చాడు. "మీరు కుదుటపడాలి టీచర్ గారూ. వచ్చే గురువారం దాకా ఆగుతాం. అప్పటికీ కాకపోతే ఉన్నదాన్ని బట్టి రాసేస్తాం."

మర్నాడు పిల్లల పుస్తకంలోంచి నలభై రెండో పేజీ తీసేయమని క్లాస్ లీడర్‌కు చెప్పాను.

"ఎందుకు టీచర్? కారణం తప్పా?"

"కారణం సరైనదే. చివరి వాక్యం తప్పు."

"అయితే ఆ వాక్యం ఒక్కటే కొట్టేద్దాం టీచర్."

పేజీ మడిచి పుస్తకంలోనే ఉంచుకున్నాను. కొట్టేయలేదు, తీసేయలేదు.

ఇంట్లో ప్రయత్నిస్తున్నాను. స్నానాల గదిలో కుళాయి బాగా తిప్పి, నీళ్ళ చప్పుడు చాటున. ఆదివారం పొద్దున ఒకసారి సన్నగా వచ్చింది, పొడుగు ఈలలో సగం. వెంటనే పక్క గదిలోంచి అమ్మ గొంతు వినపడింది.

"ఎవరది?"

కుళాయి కట్టేశాను. "నేనేనమ్మా."

"నువ్వేనా," అంది.

తలుపు ఇవతల చాలాసేపు నిలబడ్డాను. అమ్మ ఇంకేమీ అడగలేదు. అడిగితే బాగుండును అనుకున్నాను, అడగకూడదు అని కూడా అనుకున్నాను. పిలుపు వచ్చింది వెళ్ళాడు అనుకున్నాక ఆవిడ అన్నం తింటోంది, మధ్యాహ్నం కాసేపు కన్ను మూస్తోంది. పిలిచింది నేనని చెప్పాక ఏం చేస్తుందో నాకు తెలియదు.

ఈ రోజు మంగళవారం. బడి నుంచి వస్తూ బాబాయ్ ఇంటి ముందు రెండుసార్లు అటూ ఇటూ నడిచాను. కిటికీలోంచి ఆయన చేతులు కనపడ్డాయి, రుద్దుకుంటూనే ఉన్నాయి. లోపలికి వెళ్ళలేదు.

గురువారానికి ఒక్క రోజే అడ్డం. ఈల ఇంకా వేయలేదు. అమ్మకు ఇంకా చెప్పలేదు.